కొసరు వద్దన్న మామ

మామ పోయాడని ఆయనుండే కురుచికుప్పం నుంచి మనిషి వచ్చి చెప్పినప్పుడు నేనడిగిన మొదటి మాట, "నువ్వు కళ్ళారా చూసినావా?" అని. పాపం ఆ మనిషి బిత్తరపోయాడు. "చూసినాను అక్కా. పొద్దున్నే కాఫీ ఇద్దామని పోతే పండుకున్నట్టే ఉన్నాడు" అన్నాడు. అప్పుడుగాని నాకు ఏడుపు రాలేదు. ఎవరేం చెప్పినా ముందు అనుమానించమని నేర్పింది మామే. ఆయన చావు కబురు కూడా ఆయన పద్ధతిలోనే విన్నాను.

మా అమ్మకు తమ్ముడాయన. పెద్ద యుద్ధం నాడు మా ఊళ్ళను ఏలే ఫ్రెంచి దొరలు ఇక్కడి మగవాళ్ళను ఓడలెక్కించి తీసుకుపోతుంటే తానూ పోయాడు. అక్కడ తుపాకీ పట్టలేదు. ఒక్క మనిషి మాత్రమే కూర్చునే చిన్న యుద్ధ విమానాలుండే మైదానంలో పెట్రోలు పోసే పని. అందరికంటే ముందే తిరిగొచ్చాడు. ఆయన వెనకే ఇంకో కబురు కూడా వచ్చింది. పెట్రోలు దొంగిలించి దొరికిపోయాడట, అందుకే పంపేశారట. మామ ఔననలేదు, కాదనలేదు. ఊరు ఔననే అనుకుంది.

మాది మంచినూనె కొట్టు. సొంత అక్క అయివుండీ మా అమ్మ ఆ కొట్టు తాళం మామ చేతికి ఏనాడూ ఇవ్వలేదు. అమ్మ పోయాక కొట్టు నా చేతికొచ్చింది. నేనూ ఇవ్వలేదు. ఆయన రోజూ వచ్చి గడప పక్కన బల్ల మీద కూర్చునేవాడు. నేను లోపలికి పోవాల్సి వస్తే పక్కింటి అత్తను పిలిచి కూర్చోబెట్టి పోయేదాన్ని. ఎందుకు పిలిచానో ఆయనకు తెలుసు. అత్తకూ తెలుసు. ఇప్పుడు రాస్తుంటే తల కొట్టేసినట్టుంది.

అలాగని ఆయనేమీ మనుషులను నమ్మేవాడు కాదు. పాలు తెస్తే వేలు ముంచి చూసేవాడు. చర్చి గంట పన్నెండు కొడితే బయటికి వచ్చి తన నీడ చూసుకునేవాడు. ఎవరైనా అరటిపండు చేతిలో పెడితే, "ఎందుకు ఇస్తాండావు? రేపు కూడా ఇస్తావా?" అని నిలదీసేవాడు. ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఇస్తే ఒట్టు.

కాని ఆయన అసలు పోట్లాటంతా కొసరు మీదే. మా కొట్టులో అరపడి నూనె కొలిచాక గరిటెతో ఇంకొంచెం సన్నగా ధార పోస్తాం. మా అవ్వ కాలం నుంచీ ఉన్న అలవాటు. కిరుమాంబాక్కం నుంచి ఎండలో నడిచొచ్చే ఆడవాళ్ళు దారిలో ఉన్న కొట్లన్నీ దాటుకుని మా దగ్గరికి వచ్చేది అందుకే. నేను గరిటె ఎత్తితే చాలు, మామ బల్ల మీద కదిలేవాడు. "పోసేదుంటే చెప్పి పొయ్యి అమ్మీ. చెప్పకుండా పొయ్యొద్దు" అనేవాడు. పిసినారితనం అనుకున్నాను. ఒకరి సొత్తు దొంగిలించినవాడికి ఇంకొకరు ఇస్తుంటే కళ్ళమంట అని కూడా అనుకున్నాను.

మనసు బాగున్న రోజు విమానాల సంగతి చెప్పేవాడు. "పెట్రోలు మూడు పాళ్ళు అనుకో. పోను ఒకటి, ఆడ కొట్లాడను ఒకటి, మళ్ళా రాను ఒకటి. కొట్లాటలో ఇంజను గడగడా తాగతాది. ఇంకో నాలుగు బాంబులు కట్టినామనుకో, ఆ బరువు మోయను ఇంకా తాగతాది. యాడ నుంచి తెస్తాది? రాను పెట్టిన పాలులోనుంచే."

"అట్లయితే పెట్రోలు నిండా పోస్తే సరి కదా మామా?"

"పెట్రోలుకు బరువు లేదా ఏంది? నిండా పోసి, బాంబులూ కడితే నేల వదలనే వదలదు. అందుకే పై దొర లెక్క చూసి చెప్తాడు, ఇన్ని బాంబులకు ఇంత పెట్రోలు, ఇంత దూరం అని. బాంబు ఎక్కితే దూరం తగ్గాల్సిందే."

ఇంత తెలిసినవాడికి దొంగతనం ఎంతసేపు అనుకున్నాను అప్పుడు. నా బుద్ధి అలా ఉండేది.

ఈ ఏడాది వానలకు ముందు ఒకరోజు కొట్టు నిండా మనుషులున్నారు. నేను కొసరు పోస్తుంటే మామ లేచి వచ్చి గరిటె పట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "దొంగతనం చేసి తరిమేస్తే వచ్చినోడివి, నువ్వు నాకు చెప్తావా? సుమ్మా ఊరుకుండు మామా" అన్నాను, అందరి ముందూ. ఆయన గరిటె వదిలేశాడు. చేతికంటిన నూనె పంచెకు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు తలుపు తీసేసరికి అరుగు మీద ఉన్నాడు. "నేను దొంగను కాదు అమ్మీ. కొసరు పోసినా" అన్నాడు.

ఆయన చూసుకునే విమానం ఒక చిన్న దొరది. మీసం కూడా సరిగ్గా రాని పిల్లవాడట. ట్యాంకులో కొలకర్ర ముంచి, చెప్పిన గీత దాకా పెట్రోలు పోయడం మామ పని. ఈయన మా అవ్వ కొడుకు కదా, చెయ్యి ఊరుకోలేదు. గీత మీద అడ్డంగా బొటనవేలు పెడితే ఎంతో, అంత ఎక్కువ పోసేవాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ కాస్త బరువుకు ఏమవుతుంది, పిల్లవాడు తిరిగి రావాలి కదా అనుకున్నాడు. రోజూ అలాగే పోశాడు.

కొన్నాళ్ళకు పెట్రోలు డబ్బాలు తక్కువ పడుతున్నాయని పై అధికారికి అనుమానం వచ్చింది. ఒకరోజు తానే వచ్చి మామ పక్కన నిలబడ్డాడు. ఆ రోజే నాలుగు బాంబులు ఎక్కువ కట్టి, పెట్రోలు తగ్గించమన్నారు. మామ సరిగ్గా గీత దాకా పోసి ఆపాడు. చిన్న దొర ఎక్కి కూర్చున్నాడు. ముందున్న రెక్క తిరగడం మొదలైంది.

"అప్పుడు నా తట్టు చూసి నవ్వినాడు అమ్మీ. నవ్వి, బొటనవేలు అడ్డంగా పెట్టి చూపించినాడు." మామ తన వేలు అలా పట్టుకుని చూపించాడు. "వాడికి తెలుసు. ఎన్నాళ్ళుగానో తెలుసు. నా కొసరును కూడా లెక్కలో వేసుకుని అంత దూరం పోతాండాడు. నేను పరిగెత్తినా. లేదు దొరా, ఈపొద్దు పొయ్యలేదు అని అరిచినా. ఆ ఇంజను మోతలో ఎవరికి వినబడతాది?"

చిన్న దొర తిరిగి రాలేదు.

"పెట్రోలు అయిపోయి పడినాడో, శత్రువు కొడితే పడినాడో ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. అదే నా రోగం. డబ్బాలు ఏమైనాయి అని అడిగినారు. కొసరు పోసినానంటే, దాన్ని నమ్ముకునే పిల్లోడు పోయినాడంటారు. దొంగ అన్నారు. అదే మేలనుకున్నా."

ఆయన వెళ్ళాక, ఇదీ కల్పించిన కథేనేమోనని కూడా అనుమానించాను. దాచను. కాని ఆ రోజు వెళ్తూ వెళ్తూ మామ, "ఎవరికీ చెప్పొద్దు. దొంగ అంటే అననీ" అన్నాడు. పేరు కడుక్కోవాలని కథ కట్టేవాడు ఆ మాట అనడు. మర్నాడు కొట్టు తాళం ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి జత ఇంకోటి ఎవరి దగ్గరుంది?" అని అడిగాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు. చెప్పొద్దన్న మాట ఇవాళ దాటుతున్నాను. మామా, నువ్వు దొంగవు కాదని ఊరికి తెలియాలి. నన్ను క్షమించు.

కర్మలన్నీ అయ్యాక కొట్టు తెరిచాను. కిరుమాంబాక్కం అవ్వ మొదటి బేరం. అరపడి కొలిచి, గరిటె ఎత్తాను. మామ మాట గుర్తొచ్చింది. "అవ్వా, కొసరు పోస్తాండా. చూసుకో" అని గట్టిగా చెప్పాను.

అవ్వ నా ముఖంలోకి అనుమానంగా చూసింది. "ఇది చెప్పాలా ఏంది? నీ కొసరును నమ్ముకునే కదా, వారానికి అరపడితో సరిపెట్టుకుంటా ఉండేది!"

నా చెయ్యి ఆగిపోయింది. మామ బల్ల ఖాళీగా ఉంది. గరిటె అంచున నూనె ఒక బొట్టుగా కూడి, పడకుండా వేలాడుతోంది.