నాంపల్లిలో ఫికర్

మా చెల్లెలు సరస్వతికి కడుపులో గడ్డ తీశారని, "ఏం ఫికర్ చెయ్యకండి" అని బావగారు హిమాయత్‌నగర్ నుంచి కార్డు ముక్క రాశారు. ఆ చివరి మాట చూశాకే నాకు దడ పుట్టింది. మా తెనాలిలో ఎవరైనా "దిగులుపడకు" అన్నారంటే కొంప మునిగినట్టే. ఆ రాత్రే రైలెక్కాను.

పొద్దున ఏడింటికి పెట్టెకి కట్టిన గొలుసు విప్పుకుని, నాంపల్లిలో దిగి రిక్షా మాట్లాడాను. దవాఖానకి ముప్పావలా. సందులు తిప్పుతుంటే అనుమానం వచ్చి, "ఎటు పోతున్నావయ్యా?" అన్నాను.

"గీడనే సార్. ఫికర్ జెయ్యకున్రి."

వీడికీ అదే మాట! పెట్టె ఒళ్లోకి లాక్కున్నాను. తీరా చూస్తే దవాఖాన గుమ్మంలోనే దింపాడు.

పదకొండు దాకా లోపలికి పంపేది లేదన్నారు. ఆబిడ్స్ దాకా నడిచి, ఇడ్లీ తిని, బత్తాయిలు బేరం చేశాను.

"తియ్యగా ఉంటాయా?"

"శక్కర్ లెక్కుంటయ్. ఫికర్ జెయ్యకున్రి."

కొన్నాక ఒకటి ఒలిచి నోట్లో వేసుకుంటే పళ్లు జివ్వుమన్నాయి. చూశారా! అక్కడికి వెళ్లేవాళ్లు ముందు రుచి చూసి మరీ కొనండి.

దవాఖానలో ఆయా అదే అంది, బావగారూ అదే అన్నారు. నాకు ఒళ్లు మండి, వరండాలో డాక్టరమ్మని నిలదీశాను. ఆవిడ కళ్లజోడు తీసి, "గడ్డని పరీక్షకి పంపామండీ. మంచిదో కాదో వారం దాకా చెప్పలేం," అంది.

పొద్దుట్నుంచీ ఆ మాట అననిది ఆవిడొక్కతే.

సరస్వతి బత్తాయి తొన నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. "అన్నయ్యా, నాకేం కాదు కదూ?"

నోరు తెరిస్తే వచ్చింది అదే. "ఫికర్ చెయ్యకే."

"నువ్వూ నేర్చావా!" అని నవ్వబోయి, కుట్లు పట్టుకుంది.

అమ్మని తీసుకురావాలని సాయంత్రం రైలుకే బయల్దేరాను. రైలుకి ఇంకా గంట పైనే టైముంది. స్టేషన్ ఎదురుగా కనబడుతూనే ఉంది. ఈ రిక్షావాడు ఉలకడు, పలకడు. ఉండబట్టలేక నేనే అడిగాను.

"రైలు అందుతుందంటావా?"

వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. "అందుతది సార్. ఫికర్ జెయ్యకున్రి."

"ఏమన్నావ్?" అన్నాను, వినబడనట్టు.

మళ్లీ చెప్పాడు.