ఇంటికాడ నడిచిన ప్రోగ్రాం

నవ్వుకోండి గానీ ముందే చెప్తున్నాను, ఇది ఒక్క డబుల్ క్లిక్‌తో నేను మా మావ పరువు తీసిన కథ.

మా అమ్మ తమ్ముడు అప్పలస్వామి మావ బొబ్బిలిలో వీణలు చేసేవాడు. వయసు మీద పడ్డాక ఆయనకి మాటలు వినబడేవి గానీ, సన్నటి స్వరాలు చెవికి అందడం మానేశాయి. వీణకి తీగల కింద మైనం మీద ఒక్కో మెట్టూ సరైన స్వరం పలికేచోట నిలబెట్టేది చెవితోనే కదా! ఊళ్లో ఎవరికీ చెప్పలేదు, నాకొక్కడికే చెప్పాడు. నేనప్పుడు విజయనగరంలో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది, నాకు రానిది లేదనుకునే రోజులు. మైకు ముందు తీగ మీటితే స్వరం సరిపోయిందో లేదో తెర మీద చూపించే ప్రోగ్రాం జావాలో రాసేశాను. జావా లేని కంప్యూటర్‌లో అది నడవదు. అందుకని జావాని కూడా దాంతోపాటే మూటగట్టి పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. పెట్టాననుకున్నాను.

"ఏటీ ఎక్కించక్కర్లేదు మావా. నొక్కితే సాలు, ఏ కంప్యూటర్‌లోనైనా నడిసిపోద్ది."

"నిన్నే నమ్ముకున్నాన్రా" అన్నాడు.

పాతపట్నం నుంచి ఒకాయన, వీణ తీసుకెళ్దామని కూతురితో వచ్చాడు. మావ పక్కింటి ఫొటో స్టూడియో వాళ్ల కంప్యూటర్ అడిగి తెప్పించాడు. నేను పెళ్లికొడుకులా కూర్చుని నొక్కాను. జావా లేదు, ఎక్కించుకోమంది. మళ్లీ నొక్కినా అదే పాట. ఏం జరిగిందో అప్పుడు వెలిగింది. మూటలో అన్నీ సర్ది, జావానే మరిచాను. మా ఇంటి కంప్యూటర్‌లో అది ముందునుంచీ ఉంది కాబట్టి అక్కడ లోటు తెలియలేదు. ఫోన్ నెట్‌తో దించుదామంటే అరగంట అని చూపించి, చూస్తుండగానే గంటన్నర చేసింది.

"ఆ డబ్బాతో పనేటండి, మీరు సెవితో సూసీయండి" అన్నాడు పాతపట్నం ఆయన.

మావ వీణ మీదికి వంగి ఒక మెట్టు జరిపాడు. మీటాడు. ఇంకాస్త జరిపాడు. ఆ పిల్ల తండ్రి వంక చూసింది. మావే చెయ్యి తీసేశాడు.

"నాకు ఇనబడ్డం లేదు బాబూ."

మళ్లీ వస్తామని మర్యాదగా చెప్పి వెళ్లారు. రాలేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. మావే నన్ను ఓదార్చాడు. "పోన్లేరా. నీ పోగ్రామూ నేనూ ఒకలాంటోళ్లమే. ఇంటికాడ బాగానే పనిసేస్తాం, బయటోడి ముందే తెల్లమొకం ఏస్తాం."

తర్వాత జావాని నిజంగానే మూటలో పెట్టి, అదే స్టూడియో కంప్యూటర్‌లో నడిపి, పరిగెత్తుకుంటూ వెళ్లాను. అప్పటికే మావ మెట్ల పని ఇంకొకరికి అప్పజెప్పేసి, కర్ర చెక్కుకుంటున్నాడు. తెర వంక కాసేపు చూశాడు.

"బాగుందిరా. ఇప్పుడు దీనికి ఏ లోటూ లేదు" అని మళ్లీ ఉలి అందుకున్నాడు.

కాబట్టి మహాజనులారా, ఆ ఉలి మీద ఒట్టేసి చెప్తున్నాను. ఇక నేనేం రాసినా ముందు జావా మొహమెరగని కంప్యూటర్‌లో నొక్కి చూస్తాను. అది నడిచాకే "మావా" అని పిలుస్తాను.