నేటివిటీ లేని మా మావయ్య

మా పెద్దమావయ్య పోయాడు. అమలాపురం ఆసుపత్రిలో, మధ్యాహ్నం వేళ. అత్తయ్య క్యారేజీ గిన్నెలు కడిగి తేవడానికి కుళాయి దగ్గరకు వెళ్ళి తిరిగొచ్చేసరికి అయిపోయింది. సినిమాల్లో ఎప్పుడూ వందలమంది చూస్తుండగా, ఈలలు వేస్తుండగా చచ్చిన మనిషి నిజంగా పోతుంటే పక్క మంచం రోగి కూడా చూడలేదు. అతను గోడకేసి తిరిగి పడుకున్నాడట.

మీలో చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. పేరు తెలిసి ఉండదు. పాత తెలుగు సినిమాల్లో గుర్రం దిగకుండానే ఊరు తగలబెట్టమని చెప్పే తెల్లదొర ఉంటాడు కదా, ఖాకీ నిక్కరు, పెద్ద టోపీ, చేతిలో పొట్టి బెత్తం, ఆ దొర మా మావయ్య. ఇంగ్లండు నుంచి రాలేదు. రాజోలు దగ్గర మా పేట నుంచి వెళ్ళాడు. ఆయన తండ్రి, అంటే మా తాత, జీవితమంతా పరుల చేలల్లో వరి ఊడ్చినవాడు. మావయ్యకి మాత్రం పాలిపోయిన తెల్లటి ఒళ్ళు, పిల్లికళ్ళు, రాగి జుట్టు. ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చిందని ఊళ్ళో మోతుబరులు నవ్వుకుంటుంటే మా అమ్మమ్మ తలవంచుకుని నాట్లు వేసిందట. ఆ నవ్విన నోళ్ళే తర్వాత రాజోలు హాల్లో టిక్కెట్టు కొనుక్కుని ఆయన్ని చూసి భయపడ్డాయి. నాకిది చాలా ఇష్టమైన సంగతి. ఇంతకంటే న్యాయం ఆయనకు జరగలేదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

దిండి వైపు షూటింగుకి వచ్చిన ఒక కంపెనీ తనతో తెచ్చుకున్న విదేశీయుడు ఎండదెబ్బకు పడిపోయాడు. జనంలో నిలబడి చూస్తున్న మావయ్యను పిలిచి ఆ బట్టలు తొడిగారు. అక్కడి నుంచి మద్రాసు, ఆ తర్వాత హైదరాబాదు. అన్నిచోట్లా దొర వేషమే. అన్నిట్లోనూ ఆఖర్న చావడమే. కత్తితో, నిప్పులో, గుర్రాల కాళ్ళ కింద. 

"సామ్రాజ్యవాదుల వేషాలు వెయ్యడానికి నీకు సిగ్గులేదా మావయ్యా?" అని ఒకసారి అడిగాను. నేను అప్పటికి చదివినవన్నీ కరపత్రాలే. ప్రపంచంలో నాకు తెలియనిది ఏదీ లేదనుకునే వయసు.

ఆయన కోప్పడలేదు. "ఎవడో ఒకడు చావాలి గదరా. నేను చావకపోతే మీకు స్వాతంత్ర్యం ఎలాగొస్తాది?" అన్నాడు.

దొర నడక నేర్చుకోవడం కష్టమైందని చెప్పేవాడు. మాట కాదు, గుర్రం కాదు, నడక. "దొర నేలకేసి చూడడురా. మనం గట్ల మీద పెరిగినోళ్ళం. జారతాదని అడుగడుక్కీ నేల చూసుకుంటాం. ఆ తల ఎత్తి ఉంచడానికి నా మెడ నరాలు తెగిపోయేయి." ఊరికి వచ్చినప్పుడు మాత్రం అందరిలాగే నేల చూసుకుంటూ నడిచేవాడు. 

ఆయనకి ఉన్న కోరిక ఒక్కటే. మనవాడి వేషం వెయ్యాలి, తన గొంతుతో మాట్లాడాలి. పాలేరు, పడవవాడు, చేపలు పట్టేవాడు, ఏదైనా సరే. అడిగిన ప్రతి డైరెక్టరూ నవ్వేవాడట. "నీకు నేటివిటీ లేదయ్యా" అనేవాళ్ళట. వినండి! కోనసీమ బురదలో మోకాళ్ళ దాకా దిగి పెరిగిన కూలివాడి కొడుక్కి నేటివిటీ లేదట! పరాయి వేషం వేసి వేసి ఒక మనిషి తన సొంత నేలకి పరాయివాడైపోతే, ఆ తప్పు ఎవరిదో నేను ఇక్కడ రాయను. రాస్తే మావయ్య వెక్కిరిస్తాడు.

ఇక గొంతు సంగతి. ఆయన గొంతు ఒక్క సినిమాలో కూడా లేదు. షూటింగులో పెదాలు కదిలిస్తే చాలు, మాటలు తర్వాత స్టూడియోలో వేరేవాళ్ళ చేత చెప్పించేవాళ్ళు. ఒక ఆదివారం మేం ముగ్గురం టీవీలో ఆయన సినిమా చూస్తున్నాం. తెర మీద దొర బెత్తం ఊపి, "మీరు టప్పక పన్ను కట్టాళి!" అని అరిచాడు.

"నేనన్నది అది కాదురా," అన్నాడు మావయ్య. "డైలాగు మర్చిపోయేను. పెదాలు ఆడించాలి గదా. 'ఏవే, చింతచిగురులో రొయ్యలేసేవా లేదా' అన్నాను."

నేను నమ్మలేదు. అత్తయ్య తీరిగ్గా చిక్కుడుకాయలు వలుస్తూ, తల ఎత్తకుండానే, "అవునురా అబ్బాయ్, అలాగే అన్నేరు," అంది. "నాకు హాల్లోనే తెలిసిపోయింది. పక్కావిడేమో ఊరు తగలెడతన్నాడు ఎదవ అని శాపనార్థాలు పెడతంది. నాకు నవ్వాగదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను."

"మరి వేసేవా?" అన్నాడు మావయ్య.

"ఏసేనండి. మీరే ఆ రోజు రాలేదు."

నవ్వు అక్కడ ఆగిపోయింది. ఆయన రాని రోజులు ఆ ఇంట్లో చాలా ఉన్నాయి.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. నాకు అలా రాయడం చేతకాదు. మా మావయ్య తాగేవాడు. సరదాకి కాదు, కష్టం మర్చిపోవడానికి అని కూడా చెప్పలేను. పొద్దున్న లేచి పళ్ళు తోముకున్నట్టు తాగేవాడు. సెట్టులో గుర్రం మీద నుంచి పడిపోయి పక్కటెముక విరగ్గొట్టుకున్నాడు. వేషాలు తగ్గి ఊరికి తిరిగొచ్చాక ఇంకా పెరిగింది. కాలవ గట్టున పడి ఉంటే అత్తయ్య వెళ్ళి చెప్పులు ఒక చేత్తో, మనిషిని ఒక చేత్తో పట్టుకుని తెచ్చేది. ఒకసారి తలుపు రెక్క విరగ్గొట్టాడు. ఆ రోజు అత్తయ్య మా ఇంట్లో పడుకుంది, చెంప వాచి ఉంది, తలుపు తగిలిందని చెప్పింది. మేం నమ్మినట్టు నటించాం. ఆ కుటుంబంలో అందరం నటులమే. చర్చిలో సంఘం ఆయన్ని ప్రభువు బల్లకి, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి, దూరంగా పెట్టింది. ఆదివారం శుభ్రంగా స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మం బయట నిలబడి పాటలు వినేవాడు. లోపల అత్తయ్య ఒక్కతే చాప మీద. పిల్లలు లేరు.

తాగుడుకి వ్యతిరేకంగా నేను ఒక కరపత్రం వేశాను. బ్రాందీ షాపు ముందే పంచాను. నాకు భయమేమిటి? మావయ్య అక్కడే ఉన్నాడు. ఒక కాగితం తీసుకుని, బల్ల మీదకెక్కి, తల పైకెత్తి, దొర శాసనం చదివినట్టు చదవడం మొదలుపెట్టాడు. "ఓ శ్రామికులారా! మీ రట్టాన్ని టాగుతున్నది ఎవరు?" షాపు మొత్తం విరగబడి నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. కాగితం లాక్కోబోయాను. కానీ సగంలో ఏమైందో, యాస పోయింది. మామూలు గొంతుతో, నెమ్మదిగా, ఇంట్లో ఎదురుచూసే ఆడదాని గురించి నేను రాసిన వాక్యం చదివాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఒకాయన గ్లాసు కింద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు, అది వేరే సంగతి.

ఇంటికి తీసుకొస్తుంటే దారిలో అన్నాడు: "నీ కరపత్రంలో అన్నీ అరుపులేరా. ఎక్కడైనా కాస్త ఊపిరి పీల్చుకో. వినేవాడికి సందియ్యి." 

నేను ఇప్పుడు ఇది రాస్తూ ఊపిరి పీల్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాను.

మొన్న వేసవికి ముందు దిండిలో మళ్ళీ షూటింగు. కుర్ర డైరెక్టరు. పాత దొర ఇక్కడే ఉన్నాడని ఎవరో చెబితే ఇంటికొచ్చాడు. కొడుకు గోదాట్లో పోయిన ముసలి పడవవాడి వేషం ఉందన్నాడు. ఇంకెవరైనా ఎన్ని రోజులు, ఎన్ని సీన్లు అని అడుగుతారు. మావయ్య, "గొంతెవరిదండి?" అని అడిగాడు.

"మీదేనండి. మీ యాస కోసమే వచ్చాను," అన్నాడు డైరెక్టరు.

"ఆయ్," అన్నాడు మావయ్య. లోపలికెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు.

ఆ రోజు నుంచి మానేశాడు. డాక్టరు చెప్పినా, పాస్టరుగారు చెప్పినా, అత్తయ్య ఏడ్చినా మాననివాడు ఒక్క గొంతు కోసం మానేశాడు. ఒళ్ళు చెమటలు పట్టేది, అన్నం ముద్ద నోటిదాకా వచ్చేలోపు సగం రాలిపోయేది. షూటింగు రోజు పడవ నడిపే గెడ పట్టుకుంటే చెయ్యి వణుకుతోందని తువ్వాలుతో మణికట్టుని గెడకి కట్టేసుకున్నాడు. అది వేషంలో భాగమనుకుని డైరెక్టరు సంబరపడ్డాడు. మావయ్య మోచేతుల దాకా మట్టి పూసుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, పడవ అంచు మీద అడుగు చూసుకుంటూ నడిచాడు. 

"ఈ రేవు దాటించినోళ్ళందరూ తిరిగొచ్చేరు బాబూ. మావోడొక్కడే రాలేదు."

అంతే ఆయన మాట. నేను ఒడ్డున ఉన్నాను. లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా కదల్లేదు. అప్పుడే టూరిస్టుల హౌస్ బోటు ఒకటి ఇంజను మోతతో పక్క నుంచి పోయింది. మాట సరిగా పడలేదన్నారు. ఫర్వాలేదు, ఎలాగూ హైదరాబాదులో డబ్బింగు ఉంది, మీరే వచ్చి చెబుతారు కదా అన్నారు.

తర్వాత ఎదురుచూపు. మావయ్య సంచీ సర్దుకుని కూర్చున్నాడు. వచ్చే వారం అన్నారు. హీరోది అయ్యాక అన్నారు. మిమ్మల్ని ఆఖర్న పిలుస్తామన్నారు. ఫోను వచ్చినప్పుడల్లా ఆయన, "అలాగేనండి, ఎప్పుడంటే అప్పుడేనండి, ఆయ్," అనేవాడు. గొంతు పాడవుతుందని పుల్లటిది మానేశాడు, చల్లనీళ్ళు మానేశాడు. ఒళ్ళు మాత్రం పసుపుపచ్చగా తేలిపోతోంది. మళ్ళీ వాయిదా అని కబురొచ్చిన సాయంత్రం చొక్కా వేసుకుని బ్రాందీ షాపు వైపు బయల్దేరాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"తప్పుకోరా."

"డబ్బింగుంది గదా మావయ్యా."

"నాకుందిరా. ఆళ్ళకి లేదు."

చేతులు చాపి నిలబడ్డాను. ఆయన నన్ను తోసుకుని వెళ్ళలేదు. పక్క నుంచి, నేల చూసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత రక్తం కక్కుకోవడం, అమలాపురం, మంచం. డబ్బింగు నుంచి ఎవరైనా ఫోను చేసేరా అని అత్తయ్యని అడిగేవాడు. చెయ్యలేదండి అని ఆవిడ నిజమే చెప్పేది.

శవాన్ని సాయంత్రానికి ఇంటికి తెచ్చాం. అరుగు మీద బెంచీ వేసి పడుకోబెట్టాం. నోరు తెరుచుకుని ఉంటే బాగోదని సంఘపెద్ద వచ్చి తెల్లటి గుడ్డ చీల్చి, గడ్డం కింద నుంచి నడినెత్తికి బిగించి కట్టాడు. మా వైపు అందరికీ అలాగే కడతారు. అప్పుడు నా ఫోను మోగింది. డైరెక్టరు అసిస్టెంటు.

"బ్రదర్, ఇప్పుడే తెలిసింది. సార్ చాలా ఫీలయ్యారు. డబ్బింగు గురించి మీరు టెన్షన్ పడకండి. మంచి ఆర్టిస్టు దొరికాడు. గోదావరి యాస అదరగొడతాడు."

"లొకేషన్లో రికార్డు చేశారు గదండి. అది ఉంచండి," అన్నాను.

"ఇంజను మోత బ్రదర్. పనికిరాదు."

"ఆ మోతతోనే ఉంచండి!"

"హాల్లో జనం ఒప్పుకోరు బ్రదర్."

నేను అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయకూడదు. అవతల ఫోను పెట్టేశారు. అత్తయ్య శవం తలదగ్గర కూర్చుని అంతా వింటోంది.

"ఏంటంటన్నారురా?"

"వేరేవాళ్ళ చేత చెప్పిస్తారంట అత్తయ్యా."

ఆవిడ లేచి, మావయ్య నెత్తి మీద ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి గట్టిగా ఉంది. పళ్ళతో లాగింది.

"చెల్లెమ్మా, ఏంటిది? తీసేస్తే నోరు తెరుచుకుంటాది. అలాగే బిగుసుకుపోతాది," అన్నాడు సంఘపెద్ద. "రేపు పేటికలో అందరూ చూస్తారు. బాగోదమ్మా."

"బాగోకపోతే పోనీండి అన్నయ్యగారండి," అంది అత్తయ్య. గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "బతికున్నన్నాళ్ళూ ఆయన నోట్లో ఎవరెవరో మాటాడేరు. ఇంక ముయ్యద్దు."

సంఘపెద్ద నావైపు చూశాడు, నన్ను మందలించమన్నట్టు. నేను కదల్లేదు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నారు.

మీరు రేపు ఆ సినిమా చూస్తారు. పడవవాడు మాట్లాడినప్పుడు కన్నీళ్ళు కూడా పెట్టుకుంటారేమో. ఆ గొంతు మా మావయ్యది కాదని చెప్పడానికే ఇంత రాశాను.

మర్నాడు సమాధుల దొడ్డికి తీసుకెళ్ళేముందు పేటిక మూత తెరిచి ఉంచారు. మా పేటవాళ్ళు, షాపులో తాగేవాళ్ళు, ఎప్పుడో నవ్విన ఇళ్ళవాళ్ళు కూడా వరసగా వచ్చారు. మావయ్య నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఒక్కొక్కరూ పేటిక దగ్గరకొచ్చి, మొహం చూసి, తమకు తెలియకుండానే తల పక్కకి తిప్పి, చెవి కాస్త కిందికి వంచి నిలబడ్డారు.