తుపాకికి కొత్తబట్ట

మొన్న ఆదివారం మా అక్క మనవరాలు ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు బోర్లించింది. ఆ పిల్ల కాలేజీలో చదువుకుంటూ రైఫిల్ షూటింగ్ పోటీలకు వెళ్తుంటుంది. పెట్టెలోంచి ప్లాస్టిక్ సంచులు జారిపడ్డాయి. వాటి నిండా తెల్లటి గుండ్రటి గుడ్డముక్కలు, కొన్ని నూలువి, కొన్ని మరేదో మెరిసే బట్టవి, ఒక్కో సంచిలో ఒక్కో కొలత. తుపాకి గొట్టం లోపల తుడవడానికట. ఏది మంచిదో తేల్చుకోలేక అన్ని రకాలూ తెప్పించిందట. "అమ్మమ్మా, మీ బాపు గన్‌మన్ ఉండె గదా, నువ్వే చెప్పు, ఏది ఉంచుకోవాలె?" అంది. నేను ఒక్కో ముక్కా తీసి వేళ్ల మధ్య నలిపి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తుంటే నవ్వింది. అలా చూడడం నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మా ఇంట్లో ఆదివారం పొద్దున జరిగే పనుల్లో అదీ ఒకటి, అంతే.

మా బాపు, అంటే మా నాన్న, మిలిటరీ నుంచి వచ్చాక పురానాపూల్ దగ్గర ఒక బ్యాంకులో కాపలా ఉద్యోగానికి చేరాడు. అక్కడ అటువంటి పనికి మిలిటరీ నుంచి తిరిగివచ్చినవాళ్లనే తీసుకునేవారు గానీ తుపాకి మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, లైసెన్సూ వాళ్ల పేరనే ఉండాలి. అందువల్ల మాదన్నపేటలోని మా రెండు గదుల ఇంట్లో, బియ్యం డబ్బా పక్కన, తాళం వేసిన ఇనుప పెట్టెలో ఒక రెండు గొట్టాల తుపాకి ఉండేది. ఇంటికి వచ్చిన చుట్టాలు ఆ పెట్టెను చూసి జంకేవారు. మాకు మాత్రం అది దర్జీ ఇంట్లో కుట్టుమిషను లాంటిదే. అది బాగుంటేనే బాపుకు నౌకరి. డ్యూటీలో ఆయన దాన్ని ఒక్కసారైనా పేల్చినట్టు నాకు తెలియదు. అయినా ఆదివారం వచ్చిందంటే వాకిట్లో చాప పరిచి, గొట్టాలు విడదీసి, ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లకు నలుగు పెట్టినంత ఓపికగా శుభ్రం చేసేవాడు.

గొట్టంలో దూర్చే గుడ్డముక్కను మిలిటరీవాళ్లు చిందీ అంటారు. మాకు దుకాణంలో కొనే ఆలోచనే లేదు, ఇంట్లో పాతబట్టల్లోంచే ఎంచుకోవాలి. రంగుబట్ట బాపు ముట్టుకునేవాడు కాదు, బయటికి వచ్చాక దాని మీద కనిపించే మరక తుప్పుదో రంగుదో తెలియదు కాబట్టి. టెర్లిన్ బట్ట నూనె పీల్చదు. అంచు దళసరిగా ఉంటుంది, కుట్టు ఉన్నచోట పట్టేస్తుంది. కొత్త నూలుబట్టలో గంజి ఉంటుంది. ఇవన్నీ పక్కన పెడితే చివరికి మిగిలేది ఏళ్ల తరబడి కట్టి, ఉతికి, ఎండకు ఆరి, చేతిలో ఉందో లేదో తెలియనంత మెత్తబడ్డ తెల్లటి నూలుచీర. అది మా నానమ్మది. తాత పోయినప్పటి నుంచి ఆమె తెల్లచీరలే కట్టేది. కొలత కూడా బాపు చేతికే తెలుసు. ముక్క పెద్దదైతే ఇరుక్కుంటుంది, చిన్నదైతే గోడలకు ఆనకుండా జారిపోతుంది, గుడ్డ తొడిగిన కడ్డీని తోస్తుంటే అరచేతికి కాస్త బరువు తగలాలి. మొదటి ముక్క నల్లగా వచ్చేది, తర్వాతది బూడిదరంగుకు తిరిగేది, లోపలికి వెళ్లింది వెళ్లినట్టే తెల్లగా బయటికి వచ్చేదాకా ఆయన ఆపేవాడు కాదు. ఆఖరుకు తుప్పు పట్టకుండా రాసే రంగూన్ నూనెలో తడిపి పిండిన ముక్క ఒకటి నడిపి, గొట్టాన్ని సూర్యుడి వైపు ఎత్తి అందులోంచి చూసేవాడు.

బాపుతో వంతుల వారీగా కాపలా ఉండే ఇంకొకాయన బార్కస్‌లో ఉండేవాడు. ఆయన తాతముత్తాతలు అరబ్బు దేశం నుంచి నిజాం ఫౌజులోకి వచ్చినవాళ్లు. మేము ఆయన్ని చాచా అనేవాళ్లం. ఆదివారం మా వాకిట్లో చాయ్ తాగుతూ నానమ్మను ఆటపట్టించడం ఆయనకు అలవాటు.

"అమ్మా, నీ చీరలు నీకన్న ఈ తుపాకే ఎక్కువ కడుతున్నది చూడు."

"కట్టనీ బిడ్డా. అది నౌకరి చేస్తున్నది. నేను ఉత్తగ కూసొని తింటున్న."

నేను పత్రికలో ప్రూఫులు దిద్దే పనికి చేరిన కొత్తలో వచ్చిన దసరా సంగతి ఇది. అచ్చుయంత్రాల దగ్గర పనిచేసే పెద్దాయన ఒకాయన సిరా తుడవడానికి పాత ధోవతులు తప్ప మరేదీ తాకనిచ్చేవాడు కాదు. ఆయన్ని చూసి, గుడ్డ విషయంలో ఈ పట్టింపు మా ఇంటిదొక్కటే కాదన్నమాట అని తృప్తిపడ్డాను. బాపు అప్పటికి చాలాకాలంగా తాత్కాలిక ఉద్యోగిగానే ఉన్నాడు. పండుగ కాగానే కాపలావాళ్లను పర్మనెంటు చేయడానికి మేనేజరు పైఆఫీసుకు పేర్లు పంపుతాడని తెలిసింది. అమ్మ రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ మాటే మొక్కుకునేది. పర్మనెంటు అయితే బాపు తర్వాత అమ్మకు పింఛను ఉంటుంది, ఇల్లు మారొచ్చు, తమ్ముడి చదువు ఆగదు.

దసరా నాడు ఆయుధ పూజ. బాపు పొద్దున్నే స్నానం చేసి, చాప మీద గొట్టాలు విప్పి, కత్తెర కోసం చూస్తుంటే, నానమ్మ మాదన్నపేట బజారు నుంచి ముందురోజు కొనితెచ్చి దాచిన కోరాగుడ్డ మడత విప్పింది. నాలుగు మూలలా పసుపు పెట్టి ఉంది. కొత్తబట్ట కట్టేముందు మేమందరం పెట్టుకున్నట్టే.

"ఏడాదంత నా పాతచీరలే కట్టింది. పండుగ పూట గూడ గవేనా? మనకు కొత్తబట్టలు, దానికి పేలికలా?" అంది.

బాపు ఆ గుడ్డను వేళ్లతో నలిపి చూశాడు. అది చప్పుడు చేసింది, అంత గంజి ఉంది అందులో.

"అమ్మా, కొత్తది గట్టిగ ఉంటది."

"గట్టిగుంటె మంచిదే గద, మస్తు రోజులు వస్తది."

పండుగ పూట తల్లి పసుపు పెట్టి ఇచ్చిన బట్టను కాదనడం బాపు వల్ల కాలేదు. పాత చీరను కత్తిరించే కొలతకే దాన్నీ కత్తిరించాడు. కుడి గొట్టం ఎట్లాగో అయిపోయింది. ఎడమ గొట్టంలో సగం దాకా పోయి, ఆగింది. ముందుకు తోస్తే పోదు, వెనక్కి గుంజితే రాదు. ఆయన మోకాలు ఆనించి ఒక్కసారి గట్టిగా గుంజేసరికి కడ్డీ వచ్చింది గానీ, దాని చివర మరలతో బిగించిన ఇత్తడి ముక్క రాలేదు. గుడ్డతో పాటు లోపలే ఉండిపోయింది. ఇనుపచువ్వ పెట్టి కొడితే ఊడవచ్చు, కానీ ఆ ఇత్తడి ముక్క అడ్డం తిరిగితే గొట్టం లోపలంతా గీతలు పడతాయి. గీతలు పడ్డ గొట్టం తనిఖీకి నిలవదు. గొట్టంలో అడ్డు ఉండగా పేలిస్తే అది పగిలి పట్టుకున్నవాడి చేతుల్నే తీసుకుపోతుంది. తుపాకులు బాగుచేసే దుకాణాలు పండుగకు మూసి ఉన్నాయి. మర్నాడు పొద్దున బాపు డ్యూటీ.

మధ్యాహ్నం పండుగ మిఠాయికని వచ్చిన చాచా, చాప మీద కూర్చున్న బాపు ముఖం చూసి గొట్టం అందుకుని లోపలికి చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"అరే భాయ్, ఒక నలీ, కుడిది, సాఫ్ ఉంది గదా. దాంట్ల తూటా పెట్టుకొని నిలబడు. లోపల తొంగి చూసేటోడు ఎవడు? పేర్లు పొయ్యేదాక ఆగు, తర్వాత బాగుచేపిద్దాం. గింత ఫికర్ ఎందుకు?"

"సగం తుపాకి పట్టుకొని నిలబడి పూర జీతం తీస్కుంటనా?"

"ఇట్లయితె నీ నౌకరి పోతదిరా పాగల్!"

"పోతె పోనీ. నా ఎనక బ్యాంకుల మంది ఉంటరు. నాకు సాఫ్ లేదని ఎరుక. ఎరుకైనంక ఎట్ల నిలబడ్తా?"

మర్నాడు బాపు యూనిఫాం వేసుకుని, ఖాళీ చేతులతో బ్యాంకుకు వెళ్లాడు. అక్కడేం జరిగిందో తర్వాత చాచా చెబితేనే మాకు తెలిసింది. మిలిటరీలో పనిచేసినవాడివి, ఇంత చిన్న పనిలో ఇలా ఎలా జరిగింది అని మేనేజరు కోపంగా కాక, నిజంగా అర్థంకాక అడిగాడట. బాపు కోరాగుడ్డ మాట ఎత్తలేదు, పసుపు మాట ఎత్తలేదు, తల్లి మాట అసలే ఎత్తలేదు. నా చెయ్యి తప్పు సార్ అన్నాడట. తుపాకి లేని కాపలావాణ్ణి గేటు దగ్గర ఉంచడానికి రూలు ఒప్పుకోదని, వేరే మనిషిని పిలిపించాలని మేనేజరు అంటుండగా, అప్పుడే డ్యూటీ దిగబోతున్న చాచా భుజం మీది తుపాకి దించకుండా మళ్లీ గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడట. వేరే మనిషి ఎందుకు సార్, నేను ఉన్న గదా అన్నాడట.

తుపాకి బాగుచేసే ఆయన గొట్టంలో నూనె పోసి, గుడ్డ నానేదాకా ఉంచి, మెలికల చువ్వతో కొంచెం కొంచెంగా గుడ్డను పీకి, ఇత్తడి ముక్కను బయటికి తెచ్చాడు. గొట్టం లోపల గీత పడలేదు. తుపాకి బాగై బాపు మళ్లీ డ్యూటీకి వెళ్లేదాకా చాచా తన వంతూ బాపు వంతూ రెండూ నిలబడ్డాడు. సాయంత్రాలు మా అమ్మ కట్టి ఇచ్చిన టిఫిన్ డబ్బా నేను పత్రిక ఆఫీసుకు వెళ్తూ ఆయనకు ఇచ్చి వెళ్లేదాన్ని. కాళ్లు వాచి, బూట్ల తాళ్లు వదులు చేసుకుని ఉండేవాడు. "మీ బాపుకు చెప్పకు బిడ్డా, మళ్లొచ్చి లొల్లి చేస్తడు" అనేవాడు.

పర్మనెంటు పేర్లు వచ్చినప్పుడు చాచా పేరు ఉంది, బాపు పేరు లేదు. గన్ లేకుండా డ్యూటీకి వచ్చినవాడి పేరు ఆ విడతలో పంపలేకపోయానని మేనేజరు తానే చెప్పాడట. చాచా ఆ శుభవార్తకు మా ఇంట్లో మిఠాయి పంచలేదు. వచ్చి, కూర్చుని, చాయ్ చల్లారిపోయినా తాగకుండానే వెళ్లిపోయాడు. బాపు పేరు రావడానికి తర్వాత చాలా ఏళ్లు పట్టింది. అప్పటికి తమ్ముడు చదువు మాని మెకానిక్ దుకాణంలో పనికి కుదిరాడు.

నానమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆమె ఏమీ అడగలేదు. కానీ మిగిలిన ఆ కోరాగుడ్డను మాత్రం పారేయనివ్వలేదు. రోజూ నల్లా కింద నానబెట్టేది, బండ మీద బాదేది, ఎండలో ఆరేసేది, రాత్రి తలకింద మడతపెట్టుకుని పడుకునేది. మళ్లీ దసరా వచ్చేసరికి ఆ గుడ్డ చేతిలో ఉందో లేదో తెలియనంత మెత్తబడింది. అప్పుడు మూలలకు పసుపు పెట్టి తెచ్చి, "ఇగో కొడుకా, ఎవ్వరు కట్టలే. కొత్తదే" అంది. బాపు దాన్ని కళ్లకు అద్దుకుని, తలవంచుకుని కత్తిరించాడు. ఆయన కంటనీరు నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు వాళ్లెవరూ లేరు. బాపు పోయాక తుపాకిని పోలీసు ఠాణాలో అప్పజెప్పాం. బ్యాంకు ఉన్నచోట అద్దాల తలుపులు వచ్చాయి. ఈమధ్య నా పింఛను పనిమీద వెళ్తే గేటు దగ్గర ఏదో ఏజెన్సీ పంపిన కుర్రవాడు నిలబడి ఉన్నాడు. చేతిలో పాత తుపాకి, గొట్టం మూతి దగ్గర ఎర్రగా తుప్పు. ఊరికే ఉండలేక దీన్ని ఎవరు తుడుస్తారు నాయనా అని అడిగాను.

"ఏమో అమ్మా, డ్యూటీ మారంగ ఒకరికొకరం ఇచ్చిపోతం. నేనైతే తెరిచి చూడలే."

"చెడిపోయిందని నీకు తెలిస్తే?"

వాడు అటూ ఇటూ చూసి నవ్వాడు. "తెలిస్తే మాత్రం చెప్త అనుకుంటున్నవా? చెప్తే రేపు నా జాగల ఇంకోడు నిలబడ్తడు."

వాడి మీద నాకు కోపం రాలేదు. వాడి వెనక ఉన్న ఇల్లు ఎటువంటిదో నాకు తెలియదు, మా తమ్ముడి సంగతి మాత్రం తెలుసు. మెట్లు దిగి బస్సు కోసం నిలబడ్డప్పుడు వాడి మాటే మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. మా బాపు నిజం చెప్పిన రోజున కూడా ఆయన జాగాలో ఇంకొకరు నిలబడ్డారు. కాకపోతే, బాపు తిరిగి వచ్చేదాకానే నిలబడ్డారు.