ప్రార్థనలో తెరిచిన కళ్లు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అబిడ్స్‌లో యానిమేషన్ నేర్చుకునేవాణ్ణి. యానిమేషన్‌కు ఆద్యుడైన ఒక మహానుభావుడి జీవితంపై తీసిన టీవీ డాక్యుమెంటరీలో, ఆయన బాటలో నడిచే విద్యార్థిగా నన్నూ కాసేపు చూపిస్తామన్నారు.

మా నాన్న చర్చిలో సంఘపెద్ద. "బొమ్మలు గీసుడు గూడ ఒక పనేనా?" అనేవారు. ఆయన నోరు మూయించాలని, ప్రసారం రోజు నాంపల్లిలోని మా ఇంటికి చర్చివాళ్లందరినీ పిలిచాను.

పాస్టరుగారు కార్యక్రమం మధ్యలో వచ్చారు. అయ్యగారు ఇంటికొస్తే ముందు ప్రార్థన జరగాలి. టీవీ సౌండు తగ్గించి అందరం కళ్లు మూసుకున్నాం. ఆయన నా భవిష్యత్తుతో మొదలుపెట్టి దేశ క్షేమం దాకా వెళ్లారు. ఆగలేక ఒక కన్ను తెరిచాను. తెరమీద నేనే! పెన్సిలు పట్టుకుని నవ్వుతున్నాను. 'ఆమెన్' అనేసరికి సబ్బు ప్రకటన వస్తోంది.

"నువ్వెప్పుడొస్తవ్ బాబూ?" అన్నారు పాస్టరుగారు.

వచ్చి వెళ్లానంటే కళ్లు తెరిచినట్టు ఒప్పుకోవాలి. "నన్ను తీసేసిన్రేమో అయ్యగారూ" అని, ప్రార్థన తడి ఆరకముందే అబద్ధమాడాను. అందరూ జాలిపడి, చాయ్ తాగి వెళ్లారు.

కప్పులు తీస్తూ నాన్న నా చెవి దగ్గరికి వంగారు. "నీలం అంగీల మంచిగ కనబడ్డవ్ రా. అయ్యగారికి చెప్పకు."

పాస్టరుగారు ఆ రోజు ఎన్ని దీవెనలు అడిగారో గుర్తులేదు. నాకు అందిన దీవెన మాత్రం అదొక్కటే.