బాగుంది అన్నవాడే గ్లాసులు కడగాలి

మా మేడ మీద ఒక నియమం ఉండేది. సిగరెట్ చుట్టుకుని వెలిగించాక మూడో దమ్ము దాకా ఎవరూ నోరు విప్పకూడదు. ఆ తర్వాత పొగ ఎలా ఉందో ఒక్కొక్కరూ చెప్పాలి. ఏమైనా చెప్పొచ్చు గానీ ‘బాగుంది’ అని మాత్రం అనకూడదు. అన్నవాడు ఆ పూట టీ గ్లాసులన్నీ కడగాలి. నియమం పెట్టింది మా పై వాటాలో కిరాయికి ఉండే పెద్దాయన. ఎక్కువసార్లు గ్లాసులు కడిగింది నేను.

ఇల్లు దిల్‌సుఖ్‌నగర్‌లో, మెట్రో లైనుకు రెండు గల్లీలు లోపల. కింది వాటాలో ఆటో నడిపే అతను, మధ్యలో మా ఆవిడా నేనూ, పైన పెద్దాయనా ఆయన భార్యా. ఆటో అతనిదీ నాదీ నల్గొండ వైపే. నేను పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్‌లో రీజనింగ్ చెబుతాను. నాలుగు వాక్యాలిచ్చి అయిదోది ఊహించమనడం నా బతుకుతెరువు. ఈ ముక్క ముందే చెబుతున్నాను, తర్వాత మీరు నన్ను చూసి నవ్వుకోవడానికి పనికొస్తుంది.

పెద్దాయనది ఒంగోలు వైపు. ముప్పై ఏళ్లు పొగాకు కంపెనీలో గ్రేడరుగా చేశాడు. ఆకుని రెండు వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని ఏ రకమో చెప్పడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక బావమరిది హార్డ్‌వేర్ కొట్టు చూసుకోవడానికి ఇటొచ్చాడు. మేము ఆయన్ని కాకా అనేవాళ్లం, మా వైపు చిన్నాన్నని అలాగే పిలుస్తారు. మొదట్లో ఒప్పుకోలేదు. “కాకా ఏంటయ్యా, హోటల్లో సర్వర్ని కేకేసినట్టు?” అన్నాడు. నెల తిరిగేసరికి మేము ‘సార్’ అంటే పలకడం మానేశాడు. ఆయన కాకా కాబట్టి ఆయన భార్య చిన్నమ్మ అయింది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి నీళ్ల ట్యాంకు నీడలో చాప పడేది. కాకా బిస్కెట్ డబ్బా పట్టుకుని మెట్లెక్కి వచ్చేవాడు. అందులో ఆయన కలిపిన పొగాకు. రెండు పాళ్లు పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో కాల్చిన వర్జీనియా, ఒక పాలు ఎండలో ఎండిన నాటు ఆకు. ఊరి నుంచి ఆకు బస్సు పార్సిల్లో వచ్చేది. ఈనెలు తీసి, చాకుతో సన్నగా తరిగి, ఎండిపోకుండా డబ్బాలో ఒక తమలపాకు వేసి ఉంచేవాడు. పాన్ డబ్బా కొట్లో దొరికే పల్చటి కాగితాల్లో ఆయనే చుట్టి మాకిచ్చేవాడు. మా చేత చుట్టించలేదు. మా వేళ్లకు ఓపిక లేదని ఆయన అభిప్రాయం, అది నిజమే.

చుట్టే పద్ధతిలో ఒక చిక్కుంది. కాగితం అంచున జిగురు ఉంటుంది, దాన్ని నాలుకతో తడిచేసి అంటించాలి. లోకమంతా అలాగే చేస్తుంది. చిన్నమ్మ మాత్రం ఒక్కనాడూ చేయనివ్వలేదు. ఒకరు నాలుకతో తడిపింది ఇంకొకరు నోట్లో పెట్టుకుంటే ఎంగిలి కాదా అని ఆమె వాదన. “తాగి చావండి, నేను వద్దన్నా మానరు. నా ఇంట్లో ఎంగిలి మాత్రం పంచుకోవడానికి వీల్లేదు,” అంది ఒకసారి మెట్ల మీద నిలబడి. కాకా ఆ రోజు నుంచి చిన్న స్టీలు గిన్నెలో నీళ్లు తెచ్చుకునేవాడు. వేలు ముంచి కాగితం అంచున గీసేవాడు, పెదవి ఆనే కొసన ఒకసారి అద్దేవాడు. ఆకు మరీ పొడిబారినట్టుంటే చుట్టబోయే చిటికెడు మీద రెండు చుక్కలు చిలకరించేవాడు, మిగిలినవి చివర్లో పారబోసేవాడు. ఆ నీళ్లు కాస్త పసుపుపచ్చగా ఉండేవి. పొగాకు వేళ్లు ముంచితే పచ్చబడక ఏమవుతాయిలే అనుకున్నాను. రీజనింగ్ సారుని కదా.

ఇక పొగ సంగతి. మొదట గొంతులో కొంచెం కారం. తర్వాత ఎండిన గడ్డి వాసన. చివర్లో, పొగ వదిలేశాక, పెదవుల మీదా నాలుక వెనకా సన్నటి తీపి మిగిలేది. చక్కెర తీపి కాదు, బెల్లం కాదు. మంచినీళ్లు తాగితే ఇంకా పెరిగేది. ఆ తీపి కోసమే వారమంతా ఎదురుచూసేవాళ్లం.

మూడో దమ్ము అయ్యాక ఆటో అతను మొదలుపెట్టేవాడు. “మా ఊర్ల మొక్కజొన్న కంకులు కాలుస్తుంటే పక్కకు కూసున్నట్టుంది కాకా.” ఇంకోసారి, “గీ సిగరెట్‌ను బాలాపూర్ల లడ్డు పక్కకు పెట్టి వేలం పాడొచ్చు.” కాకా పడిపడి నవ్వేవాడు. తన వంతు వస్తే కళ్లు మూసుకుని, “కొత్త గోనెసంచి విప్పినట్టుంది. అడుగున ఎక్కడో పండు పడి ఉంది, ఏ పండో చెప్పను,” అనేవాడు. నా వంతు వచ్చేసరికి నాకు మాట దొరికేది కాదు. క్లాసులో గంటలకొద్దీ వాగేవాణ్ణి, అక్కడ తలగోక్కుంటూ “బాగుంది కాకా” అనేసేవాణ్ణి. ఇద్దరూ గ్లాసులు నా వైపు జరిపేవాళ్లు. ట్యాంకు పక్కన కుళాయి దగ్గర కూర్చుని కడుగుతుంటే మెట్రో రైలు ఎల్బీనగర్ వైపు వెళ్లేది. నా జీవితంలో అంత హాయిగా ఇంకెప్పుడూ గ్లాసులు కడగలేదు.

కాకాకి దగ్గుండేది. మా ముగ్గురికీ ఉండేది. పొగతాగేవాడి దగ్గుని ఎవరు పట్టించుకుంటారు? ఆఖరి చలికాలంలో ఆయన దగ్గు ముదిరింది. మెట్లెక్కి వచ్చి కాసేపు గోడ పట్టుకుని నిలబడేవాడు. మేము చాప మీద కొంచెం జరిగి చోటిచ్చేవాళ్లం, అంతే. ఎందుకంటే ఆ చలికాలం పొగాకు ఎన్నడూ లేనంత గొప్పగా కుదిరింది. తీపి రెట్టింపయింది.

“ఆకు ఎక్కడికెంచి తెప్పిచ్చినవ్ కాకా? గింత తీపి ఎన్నడు లేకుండె,” అన్నాడు ఆటో అతను.

“ఆకు పాతబడింది కదా అబ్బాయ్. పాతబడేకొద్దీ తీపెక్కుద్ది,” అన్నాడు కాకా. అని నవ్వాడు, నవ్వుతూ చాలాసేపు దగ్గాడు. నేను ఆ దగ్గు ఆగేదాకా ఓపికపట్టి ఇంకోటి చుట్టమన్నాను. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

ఎండాకాలం రాకముందే ఊపిరితిత్తులు చెడి దవాఖానలో పోయాడు. చిన్నమ్మ పై వాటా ఖాళీ చేసి తుర్కయంజాల్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లింది. వెళ్తూ బిస్కెట్ డబ్బా నా చేతిలో పెట్టి, “ఇది నా కళ్ల ముందు వద్దు నాయనా,” అంది. నేనూ ఎల్బీనగర్ బ్రాంచికి మారి అక్కడే ఇల్లు తీసుకున్నాను.

డబ్బాలో సగానికి పైగా ఆకు ఉంది. కొత్త ఇంట్లో మొదటి ఆదివారం నాలుగింటికి ఆటో అతన్ని పిలిచాను. నాది నేనే చుట్టాను. చిన్నమ్మ లేదు కదా, ధైర్యంగా నాలుకతో తడిచేసి అంటించాను. ఎవరిది వాళ్లమే చుట్టుకున్నాం కాబట్టి ఎంగిలి గొడవ కూడా లేదు. వెలిగించాం. మూడో దమ్ము దాకా మాట్లాడలేదు. కారం ఉంది, గడ్డి వాసన ఉంది. తీపి లేదు.

“సార్, గిది కాకది కాదు,” అన్నాడతను.

“అదే డబ్బా, అదే ఆకు.”

“ఏమో మరి. కాకది కాదు.”

అక్కణ్ణుంచి నాకు పిచ్చి పట్టింది. కాకా ఆకులో ఏదో కలిపేవాడు, అదేమిటో పట్టుకోవాలి. కొంచెం ఆకు తీసి తేనె కలిపాను. ఇంకొంచెం ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్లతో తడిపాను. బెల్లం పాకం, యాలకులు కూడా అయ్యాయి. యాలకులది తాగి ఆటో అతను, “సార్, గిది పొగనా, పాయసమా?” అని లేచి వెళ్లిపోయాడు. ప్రతి ప్రయోగానికీ డబ్బాలో ఆకు తగ్గిపోతోంది. కొత్త ఆకు తెప్పిద్దామంటే ఊళ్లో ఆయనకి పంపేదెవరో నాకు తెలియదు. ఆ తీపి ఒక్కసారి, ఒకే ఒక్కసారి మళ్లీ నాలుకకి తగిలితే చాలు, ఆ తర్వాత మానేస్తానని నాకు నేనే మాటిచ్చుకున్నాను. డాక్టరు నన్ను మానమని చెప్పి అప్పటికే ఏడాది దాటింది.

మా ఆవిడ ఒకరోజు వంటింట్లోంచి అడిగింది. “మనిషి పోయిండని ఏడుస్తున్నవా, సిగరెట్ పోయిందని ఏడుస్తున్నవా?”

కోపంతో అరిచాను. సమాధానం తెలియనప్పుడు అరవడం నాకు అలవాటు. నిజంగానే నాకు తెలియలేదు. ఆదివారం నాలుగయితే నోరు దానంతటది తడారిపోయేది. ఆ తడారడంలో ఆయన ఎంత, పొగ ఎంత అని విడదీయడం నా వల్ల కాలేదు.

చివరికి డబ్బాలో ఒక్క సిగరెట్‌కి సరిపడా ఆకు మిగిలింది. దాన్ని చెడగొట్టుకోదలచుకోలేదు. ఒక ఆదివారం డబ్బాని సంచిలో వేసుకుని, సాగర్ రోడ్డు పట్టుకుని తుర్కయంజాల్ వెళ్లాను. చిన్నమ్మని అడిగితే తేలిపోతుంది.

నన్ను చూసి ఆమె సంతోషపడింది. చిక్కిపోయింది గానీ గొంతు అలాగే ఉంది. చెల్లెలు గుడికి వెళ్లిందట, ఒక్కతే ఉంది. టీ పెట్టి ఇద్దరికీ గ్లాసుల్లో పోసింది. తాగడం అయ్యాక నెమ్మదిగా అడిగాను.

“చిన్నమ్మా, కాకా ఆకుల ఏం కలుపుతుండె?”

“ఏం కలుపుతారు? ఆకులో ఆకే. ఇంకోటి కలిపితే ఆకుని అవమానించినట్టేనని నాతో ఎన్నిసార్లు అన్నారో. ఎందుకు?”

చెప్పబోయాను. దగ్గు అడ్డం వచ్చింది. రోడ్డు మీద దుమ్ము, పైగా నా సొంత దగ్గు, రెండూ కలిసి వదలడం లేదు. ఆమె ముఖం మారిపోయింది. “ఉండు,” అని లోపలికి వెళ్లి, చిన్న స్టీలు గిన్నె తెచ్చి నా చేతికిచ్చింది. గోరువెచ్చగా ఉంది. లోపల పచ్చటి నీళ్లు. గిన్నె చూడగానే గుర్తుపట్టాను, మేడ మీదికి వచ్చే గిన్నె అదే.

ఒక గుక్క తాగాను.

నాలుక వెనక ఆ తీపి. చక్కెర కాదు, బెల్లం కాదు.

“ఏంది చిన్నమ్మా గిది?”

“అతిమధురం వేరు. దగ్గుకి మంచిదని మీ కాకాకి రోజూ కాచేదాన్ని. మొదట ఒక ముక్క వేసేదాన్ని. ఆ చలికాలం తగ్గకపోయేసరికి రెండు, మూడు ముక్కలు వేసి చిక్కగా మరగబెట్టాను. ఇప్పుడు తాగేవాళ్లు లేరు, అయినా నాలుగయితే చేయి ఊరుకోదు. కాచి నేనే తాగుతున్నాను.”

నేను గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాను. ఆ చలికాలం మేము ‘తీపి రెట్టింపయింది’ అని మెచ్చుకుంది ఆయన జబ్బుని. ఆకు పాతబడలేదు, ఆయన దగ్గు ముదిరింది. ముప్పై ఏళ్లు ముక్కుతో బతికిన మనిషికి ఆ తీపి ఎక్కడిదో తెలియకుండా ఉంటుందా? తెలిసే నవ్వాడు.

చిన్నమ్మ ఏమైందని అడిగింది. దాచాలనుకున్నాను గానీ దాచలేకపోయాను. కాకా ఆ గిన్నెలో వేలు ముంచి మాకు సిగరెట్లు చుట్టేవాడని, మేము మామూలు నీళ్లనుకున్నామని చెప్పాను.

ఆమె గిన్నె వైపు చూసింది.

“కింద సగం తాగి, మిగతాది పైన తాగుతానని పట్టుకుపోయేవారు. ఖాళీ గిన్నె తెచ్చి ఇచ్చేవారు. మొత్తం తాగుతున్నారనే అనుకున్నాను,” అంది. ఆ తర్వాత ఆమెకి ఇంకోటి తట్టింది. “అయితే ఆయన నోరు పెట్టుకుని తాగిన గిన్నేగా అది. అంత కాపలా కాస్తే, చివరికి మీకు ఎంగిలే పెట్టారన్నమాట!”

అని నవ్వింది. గట్టిగానే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజం మీద చేయి వేసేంత చనువు లేదు. గిన్నె పట్టుకుని కూర్చున్నాను. కాకా నాకు అప్పుడు ఎంత కావలసి వచ్చాడో చెప్పలేను. మా ఆవిడ ప్రశ్నకి జవాబు దొరికింది. తీపి నా నోట్లోనే ఉంది, అయినా బెంగ ఒక్క పిసరు తగ్గలేదు.

కాసేపటికి చిన్నమ్మ కళ్లు తుడుచుకుని నా చేతిలోకి చూసింది. గిన్నెలో సగం అలాగే ఉంది.

“అది మిగల్చకు నాయనా. నా కళ్ల ముందే మొత్తం తాగు.”

అడుగున చుక్క లేకుండా తాగాను. ఆమె గిన్నె వంచి చూసుకుంది.

“ఎలా ఉంది?” అంది.

మూడో దమ్ము అయినట్టే ఉంది. ఎప్పటిలాగే నాకు మాట దొరకలేదు.

“బాగుంది చిన్నమ్మా,” అన్నాను.

సంచిలోంచి డబ్బా తీయకుండానే లేచి, రెండు టీ గ్లాసులూ ఆ గిన్నే తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లాను. “నువ్వెందుకు నాయనా, అక్కడ పెట్టు,” అని ఆమె వెనక నుంచి అంటూనే ఉంది. నేను కూర్చుని కడిగాను.