తోలు చిరిగిన తప్పెట

నా చిన్నప్పుడు, తెల్లవాళ్ళ ఏలుబడిలో ఉన్న మలయ్ దేశంలో, సుంగై సిపుట్ ఊరి దగ్గర మా రబ్బరు ఎస్టేటు చుట్టూ ముళ్ళకంచె ఉండేది. అడవిలో దాక్కున్న తిరుగుబాటుదారులకు బియ్యపు గింజ కూడా చేరకూడదని, గేటు దాటే ప్రతి మనిషినీ సిపాయిలు తడిమి చూసేవారు. చంటిబిడ్డ ఉగ్గుగిన్నె మీద కూడా వాళ్ళకు అనుమానమే.

ఎస్టేటు బడిలో నా చదువు అయిపోయిన ఏడు ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. మా నాన్న నన్ను దగ్గరి పట్నంలో ఇంగ్లీషు బడికి పంపుతానన్నాడు. నాకేమో దూరాన ఈపో ఊళ్ళో పాట, ఆట నేర్పే బడి మీద మనసు. శ్రీకాకుళం వైపు నుంచి, గుండెకు తప్పెట కట్టుకుని వాయిస్తూ ఎగిరే తప్పెటగుళ్ళ ఆటను వెంటబెట్టుకుని వచ్చిన మా తాతయ్యది నా పక్షమే. నేను అన్నం మానేసి మూల కూర్చుంటే చివరికి నాన్నే దిగొచ్చాడు.

మా ఆటవాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్తగా నేర్చుకునేవాడు తొలిదెబ్బ ఇంటిపెద్ద తప్పెట మీదే వేయాలి. అందుకని బయల్దేరిన రోజు తాతయ్య తన తప్పెటను పాతగుడ్డలో చుట్టి చంకన పెట్టుకున్నాడు. గుండ్రంగా, లోపల డొల్లగా ఉన్న ఆ మూట గేటు దగ్గర ఎలా కనబడుతుందో మా ఇద్దరికీ తట్టలేదు.

తెల్ల సిపాయి మూట విప్పి, తట్టి చూసి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. తాతయ్య తెలుగులో చెప్పాడు, తమిళంలో చెప్పాడు, వచ్చిన నాలుగు మలయ్ ముక్కల్లోనూ చెప్పాడు. ఎస్టేటు బడి చదువుతో నాకూ ఇంగ్లీషు రాదు. సిపాయి కత్తితో మేకతోలు చీల్చి, లోపల చెయ్యి పెట్టి వెతికి, ఏమీ లేదని తిరిగి ఇచ్చేశాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ఈపో బస్సు వచ్చి ఆగినా తాతయ్య ఎక్కలేదు. నా చెయ్యి పట్టుకుని ఇంగ్లీషు బడి వైపు నడిచాడు.

“తాతయ్యా, ఇటేటి?” అన్నాను.

“ఆట నాను నేర్పుతానురా నాన్నా, అది నా కాడే ఉంది. ఆ గేటు కాడ మాటాడే నోరే మనింట్లో ఎవులికీ నేదు. ముందు అది తెచ్చుకో.”

ఆయన నేర్పలేదు. తప్పెటకు కొత్త తోలు బిగించేలోపే జ్వరం ఆయన్ని తీసుకుపోయింది. కొన్నేళ్ళకు అదే గేటు దగ్గర ఒక తల్లి బిడ్డ కోసం తీసుకెళుతున్న గంజిని సిపాయి పారబోయబోతే, నేను ఇంగ్లీషులో అడ్డుపడ్డాను. గిన్నె ఆమెకు తిరిగి ఇచ్చాడు. సంతోషించాను, కానీ చెప్పుకోవడానికి తాతయ్య లేడు. మెర్దేకా రోజు, అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు, కొత్త జెండా ఎగిరింది. మా కూలీల ఇళ్ళ లైన్లలో తప్పెట మోగలేదు, తాతయ్య తర్వాత వాయించేవాళ్ళు మిగల్లేదు.

ఇప్పటికీ ఏ ఆఫీసు కిటికీ ముందైనా ఎవరైనా మాట రాక నిలబడితే నా కాళ్ళు వాళ్ళ పక్కకు వెళ్తాయి. ఆ కాళ్ళకు ఆట మాత్రం రాదు. చిరిగిన తప్పెట మా ఇంట్లో గోడకు వేలాడుతోంది. దాని మీద నేను వేయవలసిన తొలిదెబ్బ ఇంకా అలాగే ఉంది.